పెళ్లయినవాడు ఊడ్చిన మెట్లు

బ్రెమెన్ చూడవచ్చినవాళ్లకు ఊరు చూపించడం ఆల్ముట్ కెట్లర్ వృత్తి. చూపించడం అనేది మర్యాదకు అంటున్న మాట. నిజానికి ఆవిడ ఊరిని వినిపిస్తుంది. టౌన్‌హాలు ముందు నిలబడి మొదలుపెట్టిందంటే వచ్చినవాళ్ల కళ్లకు పని ఉండదు, చెవులకు తీరిక ఉండదు. ఎదురుగా కొండంత కనబడుతున్న రాతి విగ్రహాన్ని కూడా ఆవిడ నోటి మీదుగా చూడవలసిందే. ఇంట్లోనూ అదే వరస. చర్చి గంట మోగితే ఆ గంటను ఎవరు పోతపోశారో చెప్పి గాని సూప్ వడ్డించదు. ఆవిడ భర్త గెర్డ్ పెళ్లయిన కొత్తలో ఏదో చెప్పబోయి ఆగిపోయాడని, ఆ మాట ఇంకా ఆయన గొంతులోనే ఉందని చుట్టాలు నవ్వుకుంటారు. ఆయన కూడా నవ్వుతాడు గాని, పైకి వినబడదు.

వాళ్లకు ఒక్కడే కొడుకు, కెనో. ఆ శనివారంతో అతనికి ముప్ఫై ఏళ్లు నిండుతాయి. పెళ్లి కాలేదు. ఇంకో ఊళ్లో అయితే తల్లి దిగులుపడి మంచం పడుతుంది. బ్రెమెన్‌లో తల్లి చుట్టాలందరికీ కబురు పెడుతుంది. ఎందుకంటే పెళ్లి కాకుండా ముప్ఫై నిండిన మగవాడు ఆ పుట్టినరోజునాడు అందరి ముందూ కేథడ్రల్ మెట్లు ఊడవాలి. వాడు ఊడుస్తూ ఉంటే స్నేహితులు చెత్త పోస్తూ ఉంటారు. పెళ్లికాని పిల్ల ఎవరైనా వచ్చి ముద్దు పెడితేనే విడుదల. గెర్డ్ కూడా ఒకప్పుడు ఊడ్చినవాడే, విడిపించింది ఆల్ముటే. కాకపోతే ముద్దు పెట్టేముందు ఆ మెట్లకు రాయి ఎక్కడినించి తెచ్చారో చెప్పి మరీ పెట్టిందట.

కెనో వంతు కోసం ఆల్ముట్ తమ్ముడు హిన్రిక్ ఏడాదిగా బీరు సీసాల మూతలు పోగుచేస్తున్నాడు. మెట్ల మీద పోయడానికి వాటిని మించిన చెత్త లేదు, ఎంత ఊడ్చినా దొర్లుకుంటూ వెనక్కి వస్తాయి. మేనల్లుడి కోసం తాగుతున్నానని చెప్పి తాగడం హిన్రిక్‌కు మహా సుఖంగా ఉంది. ఇంట్లో ఎవరూ నోరెత్తడానికి లేకపోయింది.

కెనోకి మారిట్ అని స్నేహితురాలు ఉంది. పిల్లలకు ఈత నేర్పుతుంది. చురుకైన పిల్ల, నవ్వుమొహం. బ్రెమెన్‌కు పోటీ ఊరైన హాంబర్గ్‌లో పుట్టిందన్న లోపం ఒక్కటే, దానికి ఆ పిల్లను తప్పుపట్టడం న్యాయం కాదని ఆల్ముట్ తనకు తాను చాలాసార్లు చెప్పుకుంది. మారిట్టే వచ్చి కెనోని విడిపించాలి, ఆ ఊపులో పెళ్లి మాట రావాలి, ఆ పెళ్లి కేథడ్రల్‌లో జరగాలి, ముందు వరసలో తను కూర్చోవాలి. ఇదంతా ఆవిడ ఎప్పుడో నిర్ణయించేసింది. ఒక్కగానొక్క కొడుకు పెళ్లి కళ్లారా చూడాలని ఆవిడకు ప్రాణం.

శనివారం పొద్దున ఇద్దరూ కాఫీకి వచ్చారు. ఆల్ముట్ బేకరీ నించి తెచ్చిన వేడి రొట్టెలు బల్ల మీద పెట్టి, రొట్టెల మీద ఉన్న గాటు ఎందుకు పెడతారో మొదలుపెట్టబోయింది.

“అమ్మా, నీకొకటి చెప్పాలి. మధ్యలో మాట్లాడకూడదు మరి,” అన్నాడు కెనో.

“నేనెప్పుడు మాట్లాడాన్రా?”

గెర్డ్ తలెత్తి కొడుకుని జాలిగా చూసి, మళ్లీ రొట్టెకి వెన్న రాసుకోసాగాడు.

“మాకు పెళ్లయిపోయిందమ్మా.”

ఆల్ముట్ నోరు తెరిచింది గాని మాట రాలేదు. కెనో ఆ అవకాశం పోనివ్వకుండా గబగబా చెప్పేశాడు. “పోయిన నెల. డెన్మార్క్‌లో. సముద్రానికి వెళ్తున్నామని చెప్పాం చూడు, అప్పుడే. అక్కడ పెద్ద తతంగం ఉండదు. కాయితాలు చూపిస్తే చేసేస్తారు.”

“సాక్షులెవరు?”

“ఆ ఆఫీసులో పనిచేసేవాళ్లే ఇద్దరు. చాలా మంచివాళ్లు.”

ఆల్ముట్‌కు ఆ ప్రయాణం బాగా గుర్తుంది. దారిలో ఆకలేస్తుందని తనే రొట్టెల మధ్య హామ్, చీజు పెట్టి పొట్లాలు కట్టింది. సముద్రపు గాలి మంచిది కాదని వాన కోట్లు కూడా పట్టుకెళ్లమంది.

“అంటే పెళ్లి భోజనం నేనే కట్టిచ్చానన్నమాట,” అంది.

“చాలా బావున్నాయి అత్తయ్యా,” అంది మారిట్. “ఆ సాక్షులక్కూడా పెట్టాం. ఊరగాయ దోసకాయ ముక్క వేశారు చూడండి, అది వాళ్లకి తెగ నచ్చింది.”

అత్తయ్యా అన్న పిలుపు ఆల్ముట్‌కు తియ్యగా తగలవలసింది. చేదుగా తగిలింది. ముక్కూ మొహం తెలియని డెన్మార్క్ గుమాస్తాలు తన కొడుకు పెళ్లి చూసి, తను చేసిన రొట్టెలు తిని, చేతులు తుడుచుకుని పోయారు. తను ఆ వేళప్పుడు హనోవర్ నించి వచ్చిన బస్సు జనానికి రోలాండ్ విగ్రహం మోకాళ్ల గురించి చెబుతూ ఉండి ఉంటుంది. ఏడిస్తే బాగుండు. కానీ ఏడవడానికి నోరు తెరవగానే వేరే మాట వచ్చింది.

“మరి మెట్లెవరు ఊడుస్తారు?”

“ఇంకేం ఊడవడం అమ్మా. పెళ్లయినవాడు ఊడిస్తే మోసం కదూ?”

“చెప్పకుండా పెళ్లి చేసుకోవడం మోసం కాదేం? మీ మేనత్త ఈపాటికి మెట్ల కింద మడతకుర్చీ వేసుకుని కూర్చునుంటుంది. మీ మామయ్య మూతల బస్తా మోసుకొస్తున్నాడు. నా కొడుకు నన్ను పెళ్లికి పిలవలేదని నేను వాళ్లందరి ముందూ నిలబడి చెప్పుకోవాలా? ఇవాళ్టికి నువ్వు బ్రహ్మచారివి. ఊడ్చు. రేపట్నించి నీ ఇష్టం.”

“పోనీలే కెనో,” అంది మారిట్. “కాసేపు ఊడవగానే నేనొచ్చి ముద్దు పెట్టేస్తా. అయిపోతుంది.”

“పెళ్లికాని పిల్ల పెట్టాలి,” అంది ఆల్ముట్. పాతికేళ్లుగా ఆ సంగతి ఊరూరి జనానికి చెబుతున్న మనిషి, ఊరుకోలేకపోయింది. “నువ్వు పెట్టినా చెల్లదు.”

“ఎవరికి తెలుస్తుంది అత్తయ్యా?”

ఆల్ముట్ కాసేపు తనలో తాను పోట్లాడుకుంది. మారిట్ కుడిచేతి వైపు చూసింది. ఉంగరం మిలమిల మెరుస్తోంది. ఎడమచేతికైతే నిశ్చితార్థం అనుకుంటారు. కుడిచేతికి ఉంటే ఇంక అడగక్కర్లేదు, అది పెళ్లి ఉంగరమే. వచ్చినప్పటినించి కళ్ల ముందే ఉన్న దాన్ని తను చూడలేదు. రొట్టె గాటు గురించి ఆలోచిస్తోంది మరి.

“తీసి పర్సులో పెట్టు,” అంది.

మారిట్‌ది వచ్చింది. కెనోది రాలేదు. సబ్బు రాశారు, వెన్న రాశారు, మారిట్ బలమంతా పెట్టి లాగింది. కెనో అరిచాడు గాని ఉంగరం కదల్లేదు. చివరికి గెర్డ్ లోపలికి వెళ్లి, ఊడవడానికని కెనో తొడుక్కోవలసిన నల్ల కోటు మీద పెట్టి ఉన్న తెల్ల చేతితొడుగులు తెచ్చి, మాట్లాడకుండా కొడుకు ముందు పెట్టాడు.

“ఇవి తీశావంటే చూడు,” అంది ఆల్ముట్.

ఆవిడకు ఆ పొద్దున ఒక గుంపు ఉంది. బవేరియా నించి వచ్చిన బౌలింగ్ క్లబ్బువాళ్లు, అందరూ కాస్త పెద్దవాళ్లు. తన బదులు ఇంకో గైడు దొరకలేదు. పైగా తిరిగి తిరిగి సరిగ్గా మెట్ల దగ్గరికి చేరేలా దారి చూసుకుందామని తనే ఒప్పుకుంది. వాళ్లలో లాయిబ్ల్ అనే గుండ్రటి పెద్దమనిషి ఉన్నాడు. ఆయనకు అన్నీ తెలుసుకోవాలి. మామూలు రోజుల్లో అలాంటి మనిషి దొరికితే ఆల్ముట్‌కు పండగ.

ముందుగా రోలాండ్ దగ్గర ఆగారు. కత్తీ డాలూ పట్టుకుని మార్కెట్ మధ్య నిలబడ్డ ఆ రాతి వీరుణ్ని చూపించి ఆల్ముట్ మొదలుపెట్టింది. “ఈయన ఆరు వందల ఏళ్ల పైనించి ఇక్కడే నిలబడ్డాడు. ఈయన నిలబడున్నంతకాలం ఊరికి స్వేచ్ఛ ఉంటుందంటారు. చూపు కేథడ్రల్ మీద పెట్టాడు చూడండి. అక్కడ ఎవరికెవరితో పెళ్లవుతోందో ఈయనకి తెలుసు. తెలీంది తల్లులకే.”

“ఆయన ముసిముసిగా నవ్వుతున్నాడేమిటండీ?” అన్నాడు లాయిబ్ల్.

“పిల్లల్లేరు.”

లాయిబ్ల్ ఆ సంగతి బుర్రకెక్కించుకున్నాడు. గుంపు టౌన్‌హాలు వైపు తిరిగింది. తోరణాలు, రాతి బొమ్మలు, ఆకుపచ్చ రాగి కప్పుతో అది ఎండ లేకపోయినా వెలిగిపోతోంది. ఇక్కడ ఆల్ముట్ మామూలుగా ఒక్కొక్క బొమ్మనూ పేరు పెట్టి పిలుస్తుంది. ఆ రోజు గోడ వైపు వేలు చూపించి ఊరుకుంది.

“అసలు భవనం లోపల ఉంది. పాతది. ఈ ముందరి సోకంతా రెండొందల ఏళ్ల తరవాత తెచ్చి అతికించారు. అతికించేముందు పాత గోడని ఒక్క మాటడిగారా? అడగలేదు. చూసినవాళ్లందరూ దీన్నే మెచ్చుకుంటారు. అది మాత్రం వెనకాల నిలబడి మోస్తూనే ఉంది.”

గుంపులో ఒకావిడ కళ్లు తుడుచుకుంది. బ్రెమెన్ టౌన్‌హాలు చూసి ఏడ్చినవాళ్లు అంతకుముందెవరూ లేరు. మగవాళ్లు మాత్రం కింద ఉన్న వైన్ సెల్లార్ తలుపు వైపు ఆశగా చూశారు. ఆల్ముట్ వాళ్లను అక్కడ ఆగనివ్వలేదు. కేథడ్రల్ వైపు నించి, ఊడ్చేవాడి కోసం పిడి తిప్పి వాయించే చేతి ఆర్గన్ పాట వినబడుతోంది. అంటే ఊడవడం మొదలైంది.

మెట్ల దగ్గర పండగలా ఉంది. కెనో పొడుగు టోపీ, తోక కోటు, తెల్ల చేతితొడుగులతో దొరబాబులా ఊడుస్తున్నాడు. హిన్రిక్ పై మెట్టు మీద నిలబడి దోసిళ్లతో మూతలు చల్లుతున్నాడు, ఒక్కో దోసిలి వెనకా తన ఏడాది కష్టం ఉన్నట్టు మొహం పెట్టుకుని. సన్నగా జల్లు పడుతోంది. కింద మడతకుర్చీలో గెర్డ్ అక్క ఫ్రౌకె, ఒళ్లో సారా సీసా, చుట్టూ చిన్న గ్లాసులు. ఆవిడ పన్నుల ఆఫీసులో పనిచేసి రిటైరైంది. కళ్లు మాత్రం ఇంకా రిటైర్ కాలేదు.

మారిట్ ఒక పక్కగా నిలబడి తన సమయం కోసం చూస్తోంది. ఆల్ముట్ తన గుంపుతో ఎదురుగా నిలబడింది. అంతా సవ్యంగానే జరిగేట్టుంది. ఇంకో నాలుగు మెట్లు ఊడ్చాక ముద్దు, ఆ తరవాత కేకు, ఆ తరవాత ఇంటికి పోయి తలుపేసుకుని కడుపారా ఏడవచ్చు.

అప్పుడు స్నేహితులు కెనో చేతిలో చీపురు లాక్కుని పళ్ల బ్రష్షు పెట్టారు. “ఇంక మూలలు కానియ్ కెనో. మీ అమ్మకి మూలల్లో ఒక్క మూతున్నా నిద్రపట్టదు,” అన్నాడొకడు.

కెనో మోకాళ్ల మీద కూర్చుని బ్రష్షు పట్టాడు. తడిసిన చేతితొడుగుల్లో అది జారిపోయింది. మళ్లీ పట్టాడు, మళ్లీ జారింది. జనం నవ్వారు. విసుగు పుట్టి, కుడిచేతి తొడుగు పళ్లతో పట్టి లాగి పక్కన పారేసి, చక్కగా తోమడం మొదలుపెట్టాడు. మంచి పిల్లాడు, ఏ పని ఇచ్చినా శ్రద్ధగా చేస్తాడు. అదే వాడి కొంప ముంచింది.

“కెనో,” అంది ఫ్రౌకె. “ఆ చెయ్యి ఇలా తే.”

“ఏ చెయ్యి అత్తయ్యా?”

“దాచుకుంటున్నావే, అది.”

కెనో చెయ్యి చాపాడు. ఫ్రౌకె కళ్లజోడు సర్దుకుని ఉంగరం చూసింది. “ఏమిటిది?”

“ఊరికే... అలవాటుగా పెట్టుకున్నా.”

“అలవాటా? పెళ్లి అప్పుడే అలవాటైపోయిందట్రా నీకు?”

ఆర్గన్ వాయించేవాడు చెయ్యి ఆపేశాడు. హిన్రిక్ దోసిట్లోని మూతలు ఒక్కొక్కటే జారి మెట్లు దిగాయి. అందరూ ముందు మారిట్‌ని చూశారు. ఆ పిల్ల పర్సు గుండెలకు హత్తుకుని నిలబడింది. తరవాత అందరూ ఆల్ముట్ వైపు తిరిగారు.

“ఆల్ముట్,” అంది ఫ్రౌకె. “నీకు తెలుసా?”

తెలుసునంటే ఒక తంటా. అయితే పెళ్లికి వెళ్లొచ్చి మాకు చెప్పలేదన్నమాట అని చుట్టాలంతా ఒంటికాలి మీద లేస్తారు. తెలీదంటే ఇంకో తంటా. కన్నకొడుకు కన్నతల్లికి చెప్పలేదని ఊరంతా జాలిపడుతుంది. జాలి కంటే తిట్లే నయం. తెలుసునని చెప్పేద్దామనుకుంది ఆల్ముట్. నోరు తెరిచేసరికి గైడు గొంతు వచ్చింది, ఆవిడకు ఉన్న గొంతు అదొక్కటే మరి.

“మీకు ఎదురుగా కనబడుతున్నవాడు నా కొడుకు,” అంది. “పెళ్లి పోయిన నెల జరిగింది. డెన్మార్క్‌లో. సాక్షులు ఇద్దరు గుమాస్తాలు. భోజనం నేను కట్టిచ్చింది, పెళ్లికని తెలీక. నాకు ఈ పొద్దున తెలిసింది వదినా. నన్ను పిలవలేదు. నాకు చాలా బాధగా ఉంది, కోపంగా కూడా ఉంది. ఆ కోపంతోనే వాడిచేత ఊడిపిస్తున్నాను. వాడి తప్పు లేదు ఇందులో. అంటే ఊడవడంలో లేదు. పెళ్లిలో ఉంది.”

లాయిబ్ల్ తన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

“ఎందుకు పిలవలేదురా?” అంది ఫ్రౌకె.

కెనో మోకాళ్ల మీదినించి లేచాడు. “పిలుద్దామనే మారిట్ అంది. నేనే వద్దన్నా. పిలిస్తే అమ్మ మాట్లాడుతుంది అత్తయ్యా.” తల్లి వైపు తిరిగాడు. “స్కూల్లో నేను నాటకం వేసిన రోజు నువ్వు ఆ తెర ఎక్కడ నేశారో చెప్పావు. నా మాటలు ఒక్కరూ వినలేదు. తాతయ్యని పూడ్చిన రోజు పాస్టర్ని ఆపి మరీ చర్చి కిటికీల గురించి చెప్పావు. నీ మీద ఇష్టం లేక కాదమ్మా. నా పెళ్లిలో నేను చెప్పే నాలుగు ముక్కలు వినబడాలనుకున్నా. నువ్వుంటే అందులో నాకు చోటుండదనిపించింది.”

కొందరు నవ్వారు. తరవాత ఎందుకో ఆపేశారు. ఆల్ముట్ భర్త వైపు చూసింది, ఇదంతా అబద్ధమని చెప్పమన్నట్టు.

గెర్డ్ గొంతు సవరించుకున్నాడు. “కిటికీల సంగతి నిజమే,” అన్నాడు.

“మంచి కిటికీలవి,” అంది ఆల్ముట్. కానీ గొంతులో బలం లేదు. కొడుకు మొహం వైపు చూడలేకపోయింది. పెళ్లి చూడలేదని పొద్దున్నించీ కుమిలిపోతోంది. వాడి నాటకం కూడా చూడలేదని ఇప్పుడు తెలిసింది. అక్కడే కూర్చుని ఉండి కూడా చూడలేదు. సిగ్గేసింది.

ఫ్రౌకె గ్లాసులో ఒక గుక్క పోసుకుని తాగి, తీర్పు చెప్పే గొంతుతో అంది. “చూడండి. పెళ్లికాని పిల్ల వచ్చి ముద్దు పెడితే వీడి పెళ్లాం ఊరుకోదు. పెళ్లాం పెడితే పద్ధతి ఒప్పుకోదు. పెళ్లికానివాడినంటూ మెట్లెక్కాడు గనక ఊరికే దిగడానికీ లేదు. ఇంక వీడు పోయేదాకా ఊడవడమే.”

“చలికాలంలో కూడానా అండీ?” అన్నాడు లాయిబ్ల్, నిజంగానే కంగారుపడి.

“చలికాలంలో మంచు కూడా తొయ్యాలి.”

“వదినా, నేనొకటి అడగొచ్చా?” అంది ఆల్ముట్. అడిగి మాట్లాడడం ఆవిడ జన్మలో అదే మొదలు. ఫ్రౌకె తెల్లబోయి తలూపింది. ఆల్ముట్ కొడుకు దగ్గరికి రెండు మెట్లు ఎక్కింది. “అక్కడ ఏం చెప్పావో ఇక్కడ చెప్పరా. ఈ పిల్లతో నువ్వన్న మాటలు. నాకు వినాలనుంది. అంతే, ఇంకేం వద్దు.”

“ఇక్కడా? ఇంతమందిలోనా?”

“చెప్పు చెప్పు,” అంది ఫ్రౌకె. “చెబితే విడుదల. రాసిపెట్టుకోండి, నేనన్నాను.”

మారిట్ పర్సు తెరిచి ఉంగరం తీసి వేలికి పెట్టుకుని వచ్చి కెనో ఎదురుగా నిలబడింది. కాలి కింద మూతలు కరకరమన్నాయి. ఆర్గన్ వాయించేవాడు మర్యాదగా చేతులు కట్టుకున్నాడు. కెనో టోపీ తీశాడు. పళ్ల బ్రష్షు ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే ఉంచుకున్నాడు. చెవులు ఎర్రగా అయిపోయాయి.

“నాకు పెద్దగా మాట్లాడ్డం రాదు మారిట్,” అని మొదలుపెట్టాడు. “మా ఇంట్లో ఆ అవసరం పడలేదు.”

ఆల్ముట్ నవ్వలేదు, కదల్లేదు. కొడుకు గొంతు సన్నగా ఉంటుందని, మాటకీ మాటకీ మధ్య కాస్త ఆగుతాడని, ఆ ఆగినప్పుడు గెర్డ్ లాగే కింది పెదవి కొరుకుతాడని అప్పుడే కొత్తగా చూస్తోంది. సరిగ్గా అలా ఆగినప్పుడు లాయిబ్ల్ పక్కకు వంగి, కెనో వెనకాల ఉన్న పెద్ద తలుపుల వైపు చూపిస్తూ గుసగుసగా అడిగాడు.

“ఈ కంచు తలుపులు ఏ కాలంనాటివండీ?”

ఆల్ముట్‌కు తెలుసు. పోతపోసినవాడి పేరు తెలుసు, వాటి మీద ఉన్న ఒక్కొక్క బొమ్మ కథా తెలుసు. అదంతా నాలుక చివరిదాకా వచ్చి నిలబడింది.

“తెలీదండీ,” అంది. “కాస్త ఊరుకోండి, మా అబ్బాయి మాట్లాడుతున్నాడు.”